సేటు పుస్తకం

పోచంపల్లి దిక్కున ఒక ఊళ్ళో ఒక నేతకారుడు ఉండేవాడు. ఇంట్లో గుంటమగ్గం, భార్య, ముసలి తల్లి, ఏడాదిన్నర పిల్ల. ఆసు మిషను ఇంకా పుట్టని కాలం. చిటికి కట్టి రంగులద్దాలంటే ముందు పేక నూలును అర్ధచంద్రంలా కొట్టిన మేకుల మీద అటూ ఇటూ తిప్పి ఆసు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడుతుంది. నాలుగైదు గంటల పని. ఆ ఇంట్లో అది భార్య పని. కండెలు చుట్టడం కూడా ఆమెదే. చీర దిగాక, నూలిచ్చి నేయించుకునే సేటు దగ్గరికి పోయేది, కూలి తెచ్చేది మాత్రం భర్త.

పక్క ఊరి దారాల మిల్లులో ఆడవాళ్ళను తీసుకుంటున్నారని తెలిసింది. నెలకు 900. "ఇద్దరం సంపాదిస్తే రెండేండ్లల్ల పైకప్పు మార్చుకోవచ్చు" అన్నాడు భర్త. ఆమె చేరింది.

మూడు నెలలు గడిచాయి. పైకప్పు డబ్బు జమ కాలేదు సరికదా, కిరాణా కొట్టులో బాకీ పెరిగింది. ఒక రాత్రి ఆమె పలక మీద లెక్క వేసింది. ఆసు బయట పోయించినందుకు 200. బస్సుకు 120. అత్తకు చూపు ఆనదు కాబట్టి పిల్లను చూసే పక్కింటామెకు 150. కండెలు అందక మగ్గం ఆగిన రోజులకు పోయిన కూలి 250. మిగిలింది 180.

"నూటెనభై రూపాయలకు పిల్లను నెలంత ఇడిచిపెడుతున్ననా?" అంది.

ముసలమ్మ చీకట్లోంచి అంది, "మానెయ్ బిడ్డా. తినేది తక్కువైతే తక్కువే."

ఆమె మానేసింది. ఊరి వాళ్ళు జాలిపడ్డారు. ఒక్కడి రెక్కల మీద నలుగురు ఎట్లా బతుకుతారని అరుగుల మీద చర్చ జరిగింది. వాళ్ళు బతికారు, కొంచెం బిగించుకుని. కోతల కాలంలోనే వడ్లు కొని పెట్టుకున్నారు. కొట్లో అప్పు రాయించుకోవడం ఆపారు. పండక్కి పెద్దవాళ్ళకు కొత్త బట్టలు మానేశారు. చీర నేసేవాళ్ళింట్లో కొత్త చీర లేకపోవడం మన దగ్గర వింతేమీ కాదు.

ఎవరూ ఊహించనిది ఇంకొకటి జరిగింది. బయట పోయించిన ఆసులో పోగు ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా ఉండేది. అలాంటి నూలుతో నేస్తే పువ్వు అంచులు చెదురుతాయి. ఇప్పుడామె నింపాదిగా, ఒకే బిగువుతో పోస్తోంది. పువ్వు గీత గీసినట్టు కుదిరింది. సేటు చీరను వెలుతురులో పట్టి చూసి, కష్టమైన డిజైను, దానికి తగ్గ కూలి ఇచ్చాడు. "నీ చెయ్యి మంచిగ తిరిగింది" అని భర్త భుజం తట్టాడు. భర్త నవ్వి ఊరుకున్నాడు. భార్యకు చెప్పలేదు.

వానాకాలంలో భర్త టైఫాయిడ్‌తో మంచం పట్టాడు. మందులకు డబ్బు కావాలి. ఆమె సేటు దగ్గరికి వెళ్ళింది.

"సేటూ, రెండు వేలు అడ్వాన్సు ఇయ్యండి. చీరల పట్టుకోండి."

సేటు చెడ్డవాడేమీ కాదు. పుస్తకం తెరిచి చూపించాడు. "నీ పేరు యాడుందమ్మా? లెక్క ఆయనది. ఆయన వచ్చి వేలిముద్ర వెయ్యాలె."

చీటీ పాట అతని పేరు మీదే ఉంది. సొసైటీ సభ్యత్వమూ అంతే. ఆరేళ్ళుగా ఆ ఇంటి ప్రతి చీరలో సగం పని చేసిన మనిషి రెండు వేలకు పూచీ దొరక్క ఇంటికి వచ్చి, ముక్కుపుల్ల కుదువ పెట్టింది. ఆ తర్వాత గుంటలోకి దిగి, మగ్గం మీద సగంలో ఆగిన చీర తానే నేసింది. కూలి వచ్చింది. పుస్తకంలో భర్త పేరు కిందే రాశారు.

లేచి తిరగడం మొదలయ్యాక భర్త సేటు దగ్గరికి వెళ్ళి, కొత్త పడుగు ఇద్దరి పేర్ల మీద రాయమన్నాడు.

"ఒక మగ్గానికి రెండు పేర్లా?" సేటు నవ్వాడు.

"ఒక్కటే రాయాలంటే ఆమెది రాయి. నేను మళ్ళ మంచం పట్టినా పని ఆగదు."

సేటు కాసేపు కలం పట్టుకుని కూర్చుని, రాశాడు.

నీతి:

పాతకాలం కథకుడైతే ఇక్కడ ఇల్లాలిని ఇంటి దీపం చేసి చేతులు దులుపుకునేవాడు. దీపానికి పీఎఫ్ ఖాతా ఉండదు. ఈ కథ చెప్పే నీతి వేరు. ఒకరు ఇంట్లో ఉండటం చాలాసార్లు లెక్కకు నిలిచే నిర్ణయమే. అయితే ఒక్క సంపాదన ఇంటిని నిలబెడుతున్నప్పుడు, దాని వెనక ఉన్న రెండో మనిషి పేరు కూడా కాగితం మీద ఉండాలి.

2019–20 జాతీయ చేనేత గణన ప్రకారం ఈ రంగంలోని 35 లక్షల మందిలో 25 లక్షలకు పైగా ఆడవాళ్ళే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. లక్ష్మీ ఆసు యంత్రం. పద్మశ్రీ 2017లో వచ్చింది గానీ, నాకు ఆ పేరు పెట్టడమే పెద్ద గౌరవంగా తోస్తుంది.

హైదరాబాదు అపార్ట్‌మెంట్లలోనూ పలక మీది లెక్క ఇదే. డేకేర్, క్యాబ్, వంటమనిషి పోను రెండో జీతంలో ఎంత మిగులుతుందో చూసుకుని ఒకరు ఆగిపోతారు. ఆగేది ఎవరన్నది ముందే తేలిపోయినట్టుంటుంది. ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత ఉద్యోగం చేసే తల్లికి 26 వారాల సెలవుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగి అయితే చట్టప్రకారం ఏమీ లేదు. తండ్రే ఇంట్లో ఉన్నా ఈ కథలో ఒక్క మాట మారదు, అరుగు మీద నవ్వు కాస్త పెరుగుతుందంతే.

పన్నుల వాళ్ళు కూడా ఇంట్లో మనిషిని చూడరు. 2025–26 కొత్త విధానంలో చెరో పది లక్షల జీతం తెచ్చే జంటకు పన్ను సున్నా. అదే ఇరవై లక్షలు ఒక్కరే తెస్తే దాదాపు 1.92 లక్షలు కట్టాలి. భార్యాభర్తలు కలిసి రిటర్ను వేసే వీలు మన దగ్గర లేదు. భర్త ఇచ్చిన డబ్బును భార్య డిపాజిట్ చేసినా, ఆ వడ్డీ అతని ఆదాయంలోనే కలుస్తుంది. పీపీఎఫ్ వడ్డీకి మాత్రం పన్ను లేదు కాబట్టి అక్కడ ఆ బెడద ఉండదు. అందుకే రాజీనామా మెయిలు పంపేముందు ఇంట్లో ఉండబోయే మనిషి పేరున ఒక పీపీఎఫ్ ఖాతా తెరవాలి, ఇల్లు ఇద్దరి పేరా రిజిస్టరు చేయించాలి, ఆరోగ్య బీమా కాగితాలు ఎక్కడున్నాయో ఇద్దరికీ తెలియాలి. నెలనెలా ఆ ఖాతాలో పడే డబ్బును ఇంటి అద్దె, కరెంటు బిల్లుల వరుసలోనే రాసుకోవాలి, మిగిలితే వేద్దామని చివర్లో కాదు.