ఎండపొడను నమ్ముకున్న పైలట్

అమెరికాలో అరిజోనా ఎడారి అంచున ఒక ఫ్లయింగ్ స్కూల్. అక్కడ ఇద్దరు మిత్రులు హెలికాప్టర్ నడపడం నేర్చుకుంటున్నారు. ప్రైవేట్ పైలట్ లైసెన్సులు అప్పటికే చేతికొచ్చాయి. బయటికి చూడకుండా, ముందున్న మీటర్లనే నమ్మి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కోసం ఇప్పుడు తంటాలు పడుతున్నారు. ఒకడు చురుకైనవాడు, రెండోవాడు నిదానస్తుడు.

ఆ చదువంతా ఎర్రటి ఎండలోనే సాగేది. వాళ్ళ రాబిన్సన్ ఆర్44కు మబ్బులో దూరే అనుమతి లేదు. అందుకని నిర్మలాకాశంలోనే పైలట్ నొసటికి హుడ్ తగిలిస్తారు. ఇక మీటర్లు తప్ప బయట ఏమీ కనబడకూడదు. దీనికి అమెరికా విమానయాన నిబంధనలు షరతులు పెట్టాయి. రెండు సీట్ల దగ్గరా కంట్రోల్స్ ఉండాలి. పక్క సీట్లో హెలికాప్టర్ లైసెన్సున్న సేఫ్టీ పైలట్ కూర్చోవాలి. అతనికి ముందూ పక్కలా బాగా కనబడాలి. రేటింగ్‌కు కావలసిన 40 గంటల్లో కనీసం 15 గంటలు శిక్షకుడితో ఎగరాలి. మిగిలిన గంటల్లో మిత్రులిద్దరూ వంతులేసుకుని ఒకరికొకరు సేఫ్టీ పైలట్‌గా కూర్చునేవారు.

పరీక్షలో ఎత్తు 100 అడుగులు, దిశ 10 డిగ్రీలు, వేగం 10 నాట్లకు మించి అటూ ఇటూ కాకూడదు. చురుకైనవాడు ఆ హద్దు ఏనాడూ దాటలేదు. నిదానస్తుడు దాటని రోజు లేదు.

చురుకైనవాడి రహస్యం వేరే ఉంది. హెలికాప్టర్ ఏ కాస్త తిరిగినా కాక్‌పిట్‌లో పడే ఎండపొడ అతని మోకాలి మీంచి జరిగేది. మీటరు కంటే ముందు దాన్నే చూసి సర్దుకునేవాడు. అదీ చాలకపోతే హుడ్ అంచు కిందనుంచి బయటికో దొంగచూపు.

ఒక ఉదయం నిదానస్తుడు సేఫ్టీ పైలట్‌గా కూర్చున్నాడు. ‘వీడికి ఇంత బాగా ఎలా కుదురుతోంది?’ అనుకుంటూ బయటి చూపు మానేసి మిత్రుడి మీటర్ల వైపే చూడసాగాడు. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఒక గ్లైడర్ వచ్చింది. దాన్ని చూసింది హుడ్ పెట్టుకున్నవాడే! చప్పున పక్కకు తప్పించాడు.

“నేను దొంగచూపు చూడబట్టి బతికాం” అన్నాడు చురుకైనవాడు, దిగగానే శిక్షకుడితో. ఆయన మందలించలేదు, మెచ్చుకోనూ లేదు. “రేపు ఇద్దరూ నాతో రండి” అన్నాడు.

మర్నాడు ఆకాశమంతా ఎత్తయిన మబ్బు పరుచుకుంది. దాని కింద కనుచూపు మేర కొండలన్నీ తేటగానే ఉన్నాయి కాబట్టి ఎగరడానికి అడ్డు లేదు. సూర్యుడు మాత్రం లేడు. శిక్షకుడు చురుకైనవాడి హుడ్‌ను ఇంకాస్త కిందికి దించి, ఎడమకు తిప్పి మళ్ళీ తిన్నగా చెయ్యమన్నాడు. మలుపు సాగేకొద్దీ చెవి లోపలి ద్రవం కుదురుకుంది. తిరుగుతున్నా తిన్నగా పోతున్నట్టే అనిపించింది. నిజంగా తిన్నగా చేసినప్పుడేమో కుడికి ఒరిగిపోతున్నట్టనిపించి మళ్ళీ ఎడమకు వాల్చాడు. మీటరు ఒకటి చెబుతోంది, ఒళ్ళు ఇంకొకటి చెబుతోంది. మోకాలి మీద ఎండపొడ లేదు. 300 అడుగులు జారాక శిక్షకుడు కంట్రోల్స్ అందుకున్నాడు.

తర్వాత నిదానస్తుడి వంతు. ఎప్పటిలాగే తడబడ్డాడు, ఎప్పటిలాగే సర్దుకున్నాడు. అతను తప్పు పట్టుకున్నదీ దిద్దుకున్నదీ మీటర్లలోనే కాబట్టి ఎండ ఉన్నా లేకున్నా అతనికి ఒకటే.

“నువ్వు మురిసిపోకు” అన్నాడు శిక్షకుడు అతనితో. “నిన్న గ్లైడర్‌ను చూడాల్సింది నువ్వు. హుడ్ కింద ఎగిరినవాడు తన లాగ్‌బుక్‌లో సేఫ్టీ పైలట్ పేరు రాసుకోవాలని రూలు ఊరికే పెట్టారా?”

చురుకైనవాడు తల దించుకునే అడిగాడు: “ఎండలో ఇన్ని ఆధారాలు దొరుకుతుంటే ఇది చదువెలా అవుతుంది? మబ్బులోనే నేర్పొచ్చు కదా?”

“1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇన్‌స్ట్రుమెంట్ అనుభవం లేని 20 మందికి విమానంలో బయటి చూపు మూసి నడపమన్నారు. ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లు పట్టింది, మూడు నిమిషాలైనా కాదు. అయినా అది నిజం మబ్బు కాదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మబ్బులో తప్పు చేస్తే మళ్ళీ చేసే అవకాశం ఉండదు. ఎండలో ఎన్నిసార్లయినా చేయొచ్చు. నీకిచ్చింది ఆ అవకాశం. దాన్ని నువ్వు ఒక్కసారీ వాడుకోలేదు.”

నీతి: తప్పు చేసే వీలున్న చోట తప్పును దాచుకున్నవాడు, తప్పు చేయకూడని చోట దొరికిపోతాడు.

లైసెన్సులో రాసిన అర్హతే అన్నివేళలా కాపాడదు. 2020 జనవరి 26న లాస్ ఏంజెలెస్ దగ్గర కాలబాసస్ కొండల్లో హెలికాప్టర్ కూలి బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ సహా 9 మంది మరణించారు. ఆ పైలట్‌కూ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉంది. మబ్బులో దిశాభ్రమకు లోనై, పైకెక్కుతున్నాననుకుంటూ కిందికి దిగాడని దర్యాప్తులో తేలింది. ఈ విద్య ఒకసారి నేర్చి అటక మీద పెట్టేది కాదు. అందుకే రేటింగ్ వచ్చాక కూడా, మీటర్ల మీద ఆధారపడి ఎగరాలంటే, గత 6 నెలల్లో 6 ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్‌లు (మీటర్ల సాయంతోనే దిగడానికి రావడం) చేసి ఉండాలంటాయి అమెరికా నిబంధనలు. వాటినీ ఎండలో, హుడ్ కింద, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని చేయవచ్చు.

అయితే ఎవరి పని వారు చేస్తేనే ఆ ఏర్పాటు నిలబడుతుంది. కుక్క పని గాడిద చేస్తే ఏమవుతుందో మనవాళ్ళు ఏనాడో చెప్పారు. ఆ ఉదయం మిత్రులిద్దరూ ఒకరి పని ఒకరు చేశారు. ప్రాణాలు దక్కాయి గానీ ఒకడికి విద్య అబ్బలేదు, రెండోవాడికి కాపలా చేతకాలేదు. గండం గడిచినంత మాత్రాన చేసిన పని ఒప్పయిపోదు.