మార్పుకు విలువ కట్టేదెవరు?

ఉన్న వస్తువులో కొన్ని భాగాలు మార్చి దాన్ని మెరుగుపరచుకోవటం ఖర్చుకు తగిన పనేనా? పైకి ఇది దుకాణంలో తేలిపోయే బేరంలాగా కనిపిస్తుంది. ఇందులో నీతికి సంబంధించిన ప్రశ్న కూడా ఉందని నాకు వరంగల్లు కొత్తవాడలో, నా సైకిలు మూలంగా తెలిసివచ్చింది.

నేను ఉపాధ్యాయుణ్ణి. రోజూ రోడ్డు సైకిలు మీద బడికి పోతాను. దానికి తేలికైన కార్బన్ చక్రాలు వేయించాలని కోరిక పుట్టింది. ఖరీదు ఇంచుమించు నా నెల జీతం. లెక్క వేసుకున్నాను. నేనూ సైకిలూ కలిసి 80 కిలోలు. కొత్త చక్రాలతో తగ్గే బరువు 400 గ్రాములు, అనగా నూటికి అర. ఇరవై నిమిషాలు ఎత్తు ఎక్కితే మిగిలేది ఆరు సెకన్లు. చదును రోడ్డు మీద ఆ పాటి లాభం కూడా ఉండదు. అక్కడ ముఖ్యంగా అడ్డుపడేది గాలి. ఆ గాలికి ఎక్కువగా ఎదురు నిలిచేది తొక్కేవాడి ఒళ్ళే. పోనీ, వెనక పది గేర్లను పన్నెండు చేద్దామా అంటే, మీట, డిరైలర్, చైను, పళ్ళచక్రాలు అన్నీ మార్చవలసిందే. ఒక కొనుగోలు మరి మూడింటిని వెంటబెట్టుకుని వస్తుంది. మార్కెట్టు నేర్పు ఇదే. వస్తువును అమ్మటానికి ముందు అది లేదన్న కొరతను మనకు అంటగడుతుంది.

ఇంతటితో ఆపితే ఇది చవక ఉపన్యాసమవుతుంది. ఉన్నదానితో సరిపెట్టుకోమన్న నీతిని కూలివాడికి యజమాని ఎప్పటినుంచో బోధిస్తూనే ఉన్నాడు. అదే మాట అభ్యుదయవాది నోట వచ్చినంత మాత్రాన దాని అర్థం మారదు. వేగాన్నీ, సుఖాన్నీ, అందాన్నీ కోరే హక్కు శ్రమజీవికి లేదా?

మా పక్కింటాయన జంపఖానాలు నేస్తాడు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆయన మాత్రం ఇంకా గుంటమగ్గం మీదే కూర్చుంటాడు. నా లెక్క విని, "గా ఆరు సెకన్లు మిగిలితే ఏం జేస్తరు సారూ?" అని అడిగాడు. నాకు సమాధానం తోచలేదు. మాట మార్చటానికి, "నువ్వు మాత్రం మగ్గం ఎందుకు మార్చవన్నా?" అన్నాను.

"మారిస్తే నడుముకు సుఖమే. బట్ట గూడ ఎక్కువొస్తది. గప్పుడు షావుకారి గజం కూలి గిట్ట తగ్గిస్తే? మగ్గం అప్పు నాది, లాభం ఆయనది."

నా లెక్కలో లేని అంకె ఇదే. సైకిలు మీద మిగిలిన ఆరు సెకన్లు, ఎంత స్వల్పమైనా, నావే. మగ్గం మీద మిగిలిన గంట ఎవరిది? భాగాల ఖరీదునూ, మెరుగునూ పక్కపక్కన పెట్టి కొలిచినంత మాత్రాన విలువ తేలదు. ఆ మెరుగు ఎవరి శ్రమను తగ్గిస్తుంది, దాని ఫలం ఎవరికి చేరుతుంది అన్నదే అసలు ప్రశ్న. 1934లో వరంగల్లులో వెలసిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. యంత్రాల మంచిచెడ్డలను అందరికంటె దగ్గరగా ఎరిగినవాడు కార్మికుడు. కాని వాటిని ఉంచాలా, మార్చాలా, ఆపాలా అని నిర్ణయించే అధికారం సాధారణంగా అతని చేతిలో ఉండదు.

నేను చక్రాలు కొనలేదు. సాగిపోయిన చైను పళ్ళను అరగదీస్తున్నది కనుక దాన్ని మార్చాను. టైర్లు, బ్రేకు కట్టలు మార్చాను. ఇందులో త్యాగమేమీ లేదు. నా సైకిలు గురించి నేనొక్కణ్ణే నిర్ణయించుకోగలిగాను, అంతే. పక్కింటాయనకు ఆ స్వేచ్ఛ లేదు. కూలి రేటు నిలుస్తుందన్న భరోసా ఒక్క నేతగాడు అడిగితే రాదు. వాడవాడంతా కలిసి అడగాలి. అది వచ్చేదాకా ఆయన పాత మగ్గాన్ని వదలకపోవటాన్ని వెనుకబాటుతనమని మనమెవరమూ అనరాదు. ఆయన లెక్క నా లెక్కకంటె సరిగానే ఉంది.