సరదా ఖర్చుకు హద్దు ఎక్కడ?

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక గుంటూరుకు చెందిన ఒక సోదరుడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆయన జూనియర్ కాలేజీలో లెక్కల అధ్యాపకుడు. నమాజు, ఉపవాసాల విషయంలో శ్రద్ధ గలవాడు. ఆయనకున్న ఒకే ఒక్క సరదా ఫోటోలు తీయటం. ఆదివారం ఫజ్ర్ నమాజు కాగానే కెమెరా భుజాన వేసుకొని దగ్గర్లోని ఉప్పలపాడు వెళతాడు. ఆ ఊరి చెరువులో చెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను ఫోటోలు తీసి మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు.

"మౌలానా సాబ్, ఒక లెన్స్ కొందామనుకుంటున్నాను. వృత్తి ఫోటోగ్రాఫర్లు వాడే పెద్ద జూమ్ లెన్స్. ధర రెండు లక్షల పైమాటే. కొంటే ఇస్రాఫ్ అవుతుందా?" అని అడిగాడు.

అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పి పంపటం తేలిక. కాని మేము రెండు వారాల గడువు అడిగాం. ఎందుకంటే ఈ ప్రశ్న ఆయనొక్కడిదే కాదు. ఒకరికి లెన్స్, మరొకరికి ఖరీదైన మోటారు సైకిలు, ఇంకొకరికి ఏటేటా మార్చే సెల్‌ఫోన్, మరో ఇంట్లో పెళ్లి వేదిక అలంకరణ. వస్తువు పేరు మారుతుందే తప్ప ప్రశ్న ఒక్కటే. అందుకే దీన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాం.

ముందుగా ఒక మాట. ప్రాణుల ఫోటోలు తీయటం ధర్మసమ్మతమా కాదా అన్న విషయంలో ధర్మపండితుల మధ్య అభిప్రాయభేదం ఉంది. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ దీన్ని అనుమతిస్తూ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. మన ఉపఖండంలోని అనేకమంది ఉలమా మాత్రం అవసరం ఉంటే తప్ప అనుమతించలేదు. ఈ సోదరుడు తాను విశ్వసించే ఆలిమును అడిగి, అనుమతించే అభిప్రాయాన్నే పాటిస్తున్నాడు. ఇక్కడ మన చర్చ ఫోటో గురించి కాదు, ఖర్చు గురించి.

ఆ వస్తువు ఏమిటి?

తెలియని వస్తువు మీద తీర్పు చెప్పకూడదు. అందుకని ఫోటోగ్రఫీ తెలిసిన ఇద్దరు ముగ్గుర్ని అడిగాం. ఆ సోదరుడు కోరుకున్నది 70 నుంచి 200 మిల్లీమీటర్ల వరకు జూమ్ అయ్యే, ఎఫ్ 2.8 అని చెప్పుకునే లెన్స్. ఈ ఎఫ్ అంకె లెన్స్ ద్వారం ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో చెబుతుంది. 200ను 2.8తో భాగిస్తే దాదాపు 71 మిల్లీమీటర్లు. ఆయన దగ్గరున్న చవక లెన్స్ అదే 200 దగ్గర ఎఫ్ 5.6. అంటే ద్వారం 36 మిల్లీమీటర్లు. వెడల్పు రెండింతలైతే లోపలికి వచ్చే వెలుగు నాలుగింతలు. అంత వెలుగు రావాలంటే పెద్ద పెద్ద గాజు కటకాలు కావాలి. వాటిని లోపం లేకుండా సానపట్టాలి. అందుకే ఆ లెన్స్ కిలో నుంచి కిలోన్నర దాకా తూగుతుంది. ధర కూడా ఊరికే పెరగలేదు.

షాదీఖానాలో మసక దీపాల మధ్య నికాహ్ ఫోటోలు తీసి కుటుంబాన్ని పోషించుకునే వ్యక్తికి అది అలంకారం కాదు. తాపీమేస్త్రీకి తాపీ ఎలాంటిదో, దర్జీకి కుట్టు మిషను ఎలాంటిదో ఆయనకు ఆ లెన్స్ అలాంటిది. దాని మీద పెట్టిన సొమ్ము తిరిగి ఇంటికే వస్తుంది.

మరి మన సోదరుడి సంగతి? ఆయన ఫోటోలు తీసేది పొద్దెక్కాక, మంచి ఎండలో. అక్కడ నాలుగింతల వెలుగు అవసరం అంతగా రాదు. పైగా పక్షులకు 200 మిల్లీమీటర్లు చాలవని, 400, 500, 600 దాకా పోయే లెన్సులు వాడతారని మాకు చెప్పారు. ఈ మాట ఆయనతో అంటే చిన్నగా నవ్వాడు.

"తెలుసు మౌలానా సాబ్. కాని మా ఫోటో మిత్రులందరి దగ్గరా ఉంది. అది చేతిలో ఉంటే..." అని ఆపేశాడు.

ఆ పూర్తికాని వాక్యం దగ్గర మనలో చాలామంది ఉన్నాం. ఎదుటివాడి చేతిలో ఉన్నది మన చేతిలో లేదన్న బాధ నిజమైన అవసరంలాగే మాట్లాడుతుంది. అందుకే దైవప్రవక్త (సఅసం) సంపదలో మనకన్నా పైనున్న వారిని కాక కిందనున్న వారిని చూడమని బోధించారు. అల్లాహ్ అనుగ్రహాన్ని తక్కువగా చూసే రోగం రాకుండా ఉండటానికి అదే మార్గమని తెలిపారు.

ధర్మం ఇరుకు కాదు

అలాగని సరదా పేరెత్తగానే ముఖం చిట్లించటం కూడా ఇస్లాం నేర్పలేదు. అల్లాహ్ తన దాసుల కోసం కలిగించిన అలంకరణను, పరిశుద్ధ వస్తువులను నిషేధించినవారెవరని దివ్యఖుర్ఆన్ స్వయంగా ప్రశ్నిస్తుంది. ఆస్తి ఉండి కూడా చిరిగిన బట్టలతో వచ్చిన ఒక వ్యక్తితో, అల్లాహ్ ఇచ్చిన అనుగ్రహం జాడ నీమీద కనిపించాలని దైవప్రవక్త (సఅసం) అన్నారు. రెక్కలు చాపి, ముడుచుకొని ఎగిరే పక్షులను చూడమని ఖుర్ఆనే మనల్ని పిలుస్తోంది. ఆదివారం పూట ఒక ముస్లిం చెరువు గట్టున కూర్చొని వాటిని చూస్తూ సుబ్‌హానల్లాహ్ అనుకుంటే అందులో నష్టం ఏముంది?

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి), ఆ తర్వాత ఇమామ్ షాతిబీ (రహ్మతుల్లాహి అలైహి) మానవ ప్రయోజనాలను మూడు మెట్లుగా విభజించారు. మొదటిది జరూరియాత్, అంటే లేకపోతే జీవితమే దెబ్బతినేవి. రెండవది హాజియాత్, అంటే లేకపోతే ఇబ్బంది కలిగించేవి. మూడవది తహ్‌సీనియాత్, అంటే జీవితానికి అందం చేకూర్చేవి. మూడవ మెట్టు నిషిద్ధం కాదు. అయితే అది మూడవది. దాన్ని ఎక్కటానికి మొదటి మెట్టును పగలగొట్టకూడదు.

దుబారా గురించిన దైవాజ్ఞ ఎక్కడ వచ్చిందో చూడండి. బనీ ఇస్రాయీల్ సూరా 26వ ఆయతులో అల్లాహ్ ముందుగా బంధువుల హక్కును, నిరుపేద హక్కును, బాటసారి హక్కును ఇవ్వమని ఆదేశించాడు. అదే ఆయతులో, ఆ వెంటనే దుబారాను వారించాడు. ఈ రెండూ పక్కపక్కన ఉండటాన్ని గమనించాలి. దుబారా అంటే కేవలం ఎక్కువ ధర పెట్టటం కాదు. ఇంకొకరికి చేరవలసిన హక్కు మన సరదా వైపు మళ్లితే, అది వంద రూపాయలైనా దుబారాయే. హక్కులన్నీ చేరాక మిగిలిన సొమ్ముతో నిజంగా వాడుకునే వస్తువు కొంటే, ధర పెద్దదైనంత మాత్రాన దాన్ని దుబారా అనలేం.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి)ల వృత్తాంతం పాఠకులకు తెలిసిందే. అబూ దర్దా (రజి) రాత్రంతా నమాజులో, పగలంతా ఉపవాసంలో గడుపుతూ ఇంటిని మరచిపోయారు. అప్పుడు సల్మాన్ (రజి) ఆయన్ని ఆపి, నీ ప్రభువుకు నీమీద హక్కుంది, నీ దేహానికి హక్కుంది, నీ ఇంటివారికి హక్కుంది, ఎవరి హక్కు వారికివ్వు అని హితవు చెప్పారు. సల్మాన్ నిజమే పలికారని దైవప్రవక్త (సఅసం) ధ్రువీకరించారు. ఆరాధన కూడా ఇంటివారి హక్కును మింగకూడదన్నప్పుడు, కెమెరా ఎలా మింగగలదు?

సులభ వాయిదాల సంగతి

రెండు వారాల తర్వాత ఆ సోదరుడు మళ్లీ వచ్చాడు. డబ్బు ఎలా సమకూర్చుకుంటున్నారని అడిగాం. రెండేళ్లుగా లక్షా నలభై వేలు కూడబెట్టానని, మిగతాది వడ్డీ లేని వాయిదాల మీద కడతానని చెప్పాడు.

ఇక్కడ ఆగవలసి వచ్చింది. దుకాణాలు, క్రెడిట్ కార్డులు 'వడ్డీ లేదు' అని ప్రకటించే వాయిదాల్లో వడ్డీ మాయం కాదు, దాక్కుంటుంది. చాలా సందర్భాల్లో బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది. అంత మొత్తాన్ని దుకాణదారు ధరలో తగ్గిస్తాడు. కార్డు లెక్క తీసి చూస్తే వడ్డీ అన్న పద్దు, దాని మీద జీఎస్టీ విడిగా కనిపిస్తాయి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, ఇలాంటి పథకాల్లో వడ్డీని మరుగుపరుస్తున్నారని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే బ్యాంకులను హెచ్చరించింది. ప్రాణం మీదికి వచ్చిన అవసరం వేరు. ఆదివారం సరదా కోసం వడ్డీ పత్రం మీద సంతకం చేయటానికి ఏ సాకూ లేదు.

జకాత్ కూడా గుర్తు చేశాం. సొంత వాడకానికి ఉన్న కెమెరా, లెన్సుల మీద జకాత్ లేదు. కాని వాటి కోసం దాచిన సొమ్ము, అప్పులు పోను నిసాబ్‌కు చేరి చాంద్రమాన సంవత్సరం గడిస్తే, నూటికి రెండున్నర చొప్పున తీయాలి. లక్షా నలభై వేలకు అది మూడున్నర వేలు.

ఇంట్లో చెప్పగలమా?

చివరికి ఒక్క ప్రశ్న అడిగాం. "భాయ్, ధర ఎంతో ఇంట్లో చెప్పారా?"

ఆయన తల దించుకున్నాడు. "ముప్పై వేలని చెప్పాను" అన్నాడు. కాసేపటికి తానే మళ్లీ నోరు విప్పాడు. రెండేళ్ల క్రితం తండ్రిగారికి జబ్బు చేసినప్పుడు భార్య తన చేతి గాజులు తీసి ఇచ్చింది. వాటిని బ్యాంకులో కుదువబెట్టి తొంభై వేలు తెచ్చారు. తండ్రిగారు కోలుకున్నారు, అల్‌హమ్దులిల్లాహ్. గాజులు మాత్రం ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.

కష్టకాలంలో జరిగినదానికి ఆ సోదరుణ్ణి నిందించటం మా ఉద్దేశం కాదు. కాని ఒక విషయం స్పష్టం కావాలి. స్త్రీ బంగారం స్త్రీదే. భర్త దాన్ని వాడుకుంటే అది అప్పు. ఆమె సంతోషంగా వదిలేస్తే తప్ప ఆ అప్పు తీరదు. అడగకపోవటం వదిలేయటం కాదు. మన ఇళ్లలో ఎక్కువ హక్కులు నిలిచిపోయేది నోరు తెరిచి అడగని వారివే. తల్లివి, భార్యవి, పెళ్లయి వెళ్లిన చెల్లెలివి, ఇంట్లో పనిచేసే మనిషివి. గట్టిగా అడిగేవాడికి ఎలాగో ఇస్తాం. అడగని వారి సొమ్ముతోనే మన సరదాలు సాగుతుంటాయి. చెల్లించే స్తోమత ఉండీ అప్పును వాయిదా వేయటం అన్యాయమని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఆ స్తోమత రెండేళ్లుగా ఆయన ఖాతాలో పెరుగుతూనే ఉంది. మరో పక్క గాజుల మీద వడ్డీ కూడా పెరుగుతూనే ఉంది.

ఈ మాట చెబుతున్నప్పుడు మేము కూడా తల దించుకోవలసి వచ్చింది. మా అల్మారాలో పదమూడు సంపుటాల 'ఫత్‌హుల్ బారీ' ఉంది. మంచి అట్ట, బంగారు అక్షరాలు. కొన్న రోజున ఇంట్లో సగం ధరే చెప్పాం. ధర్మవిద్య కోసమే కదా అని మనసును సమాధానపరచుకున్నాం. వాటిలో అయిదు సంపుటాలను ఇప్పటికీ తెరవలేదు. ఆ నెల మా పెద్దమ్మాయి స్కూలు ఫీజు ఆలస్యమైంది. వస్తువు పవిత్రమైనదైతే ఖర్చు పవిత్రం అయిపోదని మాకు తెలియక కాదు. తెలిసీ మరచిపోయాం. ఆ సోదరుణ్ణి అడిగిన ప్రశ్న ముందుగా మమ్మల్ని మేము అడుక్కోవలసింది.

ప్రళయదినాన మానవుణ్ణి సంపద గురించి రెండు ప్రశ్నలు అడగటం జరుగుతుందని హదీసులో ఉంది. ఎక్కడి నుంచి సంపాదించావు, ఎందులో ఖర్చు చేశావు? అక్కడ ఇవ్వవలసిన జవాబును ఇక్కడ ఇంట్లో వాళ్ల ముందు చెప్పలేకపోతే, ఆ ఖర్చులో ఏదో లోపం ఉన్నట్టే. ముఫ్తీ సాబ్ దగ్గరికి రాకముందే జవాబు మనకు తెలిసినట్టే.

అందుచేత సరదా వస్తువు కొనబోయే ప్రతి ఒక్కరూ నాలుగు విషయాలు చూసుకోవాలి. తీరవలసిన అప్పు, ముఖ్యంగా ఇంట్లోవారి అప్పు తీరిందా? ఇందులో వడ్డీ ఎక్కడైనా దాగి ఉందా? ఈ వస్తువు నా పనికి కావాలా, పదిమంది కళ్లకు కావాలా? అసలు ధర ఇంట్లో చెప్పగలనా? ఈ నాలుగింటికీ జవాబు శుభ్రంగా ఉంటే బిస్మిల్లాహ్ అని కొనుక్కోవచ్చు. లేకపోతే ఆగటమే మేలు. ఆగినవాడికి దారులు కూడా ఉన్నాయి. ఇలాంటి లెన్సులు పెద్ద నగరాల్లో రోజు అద్దెకు దొరుకుతాయి. చాలామంది కొత్తరకం కెమెరాలకు మారుతుండటంతో పాతరకం లెన్సులు తక్కువ ధరకు వస్తున్నాయి. ఎఫ్ 4 రకం బరువులోనూ ధరలోనూ బాగా తక్కువ.

నెల తర్వాత ఆ సోదరుడు ఫోన్ చేశాడు. గాజులు విడిపించి భార్య చేతికి ఇచ్చానని, లెన్స్ అసలు ధర కూడా చెప్పానని అన్నాడు. ఆమె గాజులు తొడుక్కొని, "ధర విని కాదు, దాచినందుకు బాధ కలిగింది" అన్నదట. మిగిలిన సొమ్ములోంచి జకాత్ లెక్క చూసుకున్నాడు. ఆ ఆదివారం భార్యను, పిల్లలను వెంటబెట్టుకొని పాత లెన్సుతోనే ఉప్పలపాడు వెళ్లొచ్చాడు. కొత్తది ఎప్పటికైనా కొంటాడో లేదో మేము అడగలేదు. ఇకమీదట అది ఆయన, ఆయన ఇంటివారు కూర్చొని తేల్చుకోవలసిన విషయం.

అల్లాహ్ మనందరికీ ధర్మబద్ధమైన సంపాదనను, మితమైన ఖర్చును, నోరు తెరిచి అడగనివారి హక్కులను కూడా గుర్తించే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.