తోడు వేశాక మూత తీయకు

ఇలా వచ్చి ఈ అరుగు మీద కాసేపు కూర్చో నాయనా. ఎప్పుడు చూసినా నీ బండి స్టార్టు చేసే ఉంటుంది. నిన్ను తిట్టడానికి పిలవలేదు. కాస్త తిడతాననుకో, నీ మీద నాకు ఆ మాత్రం చనువుంది.

కొన్నాళ్ళుగా ఆదివారం ఆరాధనలో నువ్వు కూర్చునే చోటు ఖాళీగా ఉంటోంది. మీ అమ్మ నాతో ఏమీ అనలేదు. ఆవిడ అనదు, పాట మధ్యలో ఒకసారి గుమ్మం వైపు చూస్తుంది, అంతే. కారణం నేనే ఊహించుకున్నాను. డిసెంబరు 31 రాత్రి అందరితో పాటు నువ్వూ పళ్ళెంలోంచి వాగ్దానం కార్డు తీసుకున్నావు. యిర్మీయా 29వ అధ్యాయం, 11వ వచనం. మన గురించి దేవుడి ఆలోచనలు మేలుకే గాని కీడుకు కావనే మాట. ఫోను కవరు వెనక పెట్టుకుని అందరికీ చూపించావు. ఈ ఏడు ఉద్యోగం ఖాయమని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. పరీక్ష పోయింది. ఆ వెంటనే మీ నాన్నకి ఒంట్లో బాగాలేక ఆసుపత్రి, దాని వెనకే అప్పు. కార్డు తీసేశావు. దేవుడు మాట తప్పాడని నీ మనసులో ఉంది. పైకి అనడం లేదు గాని, ఉంది.

ఉంటే ఉండనీ. అయితే దాన్ని మనసులో దాచుకుని దూరంగా తిరగడం ఎందుకు? ఆయనకే చెప్పు. 13వ కీర్తన తీసి చూడు, దావీదు ఎన్నాళ్ళు, ఎంతవరకు అని ఎన్నిసార్లు అడిగాడో. గట్టిగా, నిలదీసినట్టే అడిగాడు. ఆ నిలదీతని దేవుడు గ్రంథంలోంచి తీసేయించలేదు, పాటగా పాడుకోమని మనకే ఇచ్చాడు. కోపం వచ్చిన బిడ్డ ఇంట్లో ఉండి అరిచినా పరవాలేదు నాయనా. చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోతేనే కష్టం. నీకు కోపం వచ్చిందని కాదు నా బాధ, నువ్వు మాట్లాడటం మానేశావని.

ఇప్పుడు ఆ కార్డు సంగతికి వద్దాం. అది ఎవరికి రాసిన మాటో ఎప్పుడైనా చూశావా? కార్డు మీద ఒక్క వచనానికే చోటుంటుంది. గ్రంథంలో దానికి పైన 10వ వచనం ఉంది. అందులో 70 సంవత్సరాలు గడిచాక అని ఉంది. నెబుకద్నెజరు యెరూషలేము నుంచి బబులోనుకి పట్టుకుపోయిన జనానికి యిర్మీయా రాసిన ఉత్తరం అది. ఇల్లూ వాకిలీ పోయి, తెలియని భాష మధ్య బతుకుతున్నవాళ్ళకి రాశాడు. మూటలు కట్టుకుని గుమ్మంలో కూర్చోండి అని రాయలేదు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకుని వాటి పళ్ళు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని రాశాడు. మిమ్మల్ని చెరపట్టినవాళ్ళ ఊరు బాగుండాలని ప్రార్థన చేయమన్నాడు! మేలు చేస్తానన్న దేవుడే, ఆ మేలు వచ్చేదాకా రోజులు ఎలా గడపాలో కూడా చెప్పాడు. మనం ఆ మొదటి సంగతి కత్తిరించి జేబులో పెట్టుకున్నాం, రెండోది చదవలేదు.

ఆ ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ఒకడున్నాడు. రెండేళ్ళలో అంతా సర్దుకుంటుంది, చెరకు పోయినవాళ్ళందరూ తిరిగొస్తారు అని దేవుడి మందిరంలో, జనం అందరి ముందూ చెప్పాడు. యిర్మీయా మెడ మీదున్న కాడి తీసి విరిచేశాడు కూడా. వినడానికి ఎంత బాగుంటుంది! 70 ఏళ్ళని చెప్పినవాడి కంటే రెండేళ్ళని చెప్పినవాడి చుట్టూనే జనం చేరతారు. ఇప్పుడైతే ఫోనులోనే చేరుతున్నారు. అర్ధరాత్రి దాకా వీడియోలు చూస్తావు. ఎవరో మైకు పట్టుకుని ఈ నెలలోనే నీకు ద్వారాలు తెరుచుకుంటున్నాయి అంటాడు, నువ్వు కింద ఆమేన్ అని రాసి పడుకుంటావు. నెల గడుస్తుంది. ఏదీ తెరుచుకోదు. ఆ మాట అన్నది ఆ మనిషి, నువ్వు అలిగింది దేవుడి మీద. అదెక్కడి న్యాయం నాయనా?

తొందర. నీలో నాకు కనబడే లోపం అదొక్కటే. మనసు మంచిది, కష్టపడతావు, అమ్మానాన్నలంటే ప్రాణం. కానీ తొందర. పాలకి తోడు వేశాక గిన్నె కదపొద్దని మీ అమ్మ చెప్పే ఉంటుంది. గంటకోసారి మూత తీసి, తోడుకుందో లేదో అని గరిటె పెట్టి కెలికితే అవి పాలుగానూ ఉండవు, పెరుగూ కావు. నువ్వు నీ విశ్వాసాన్ని అలాగే కెలుకుతున్నావు. ఇవాళ ఉపవాసం ఉంటావు, రేపు ఫలితం రాలేదంటావు. ఈ వారం ఒకరి దగ్గర తల మీద చేతులు పెట్టించుకుని ప్రార్థన చేయించుకుంటావు, వచ్చే వారం ఇంకో ఊళ్ళో ఇంకొకరి దగ్గరకి వెళతావు. ఒక్కచోట కుదురుగా కూర్చోవు. కదపకుండా వదిలేయడం కూడా ఒక పనే.

మన ఒంగోలు సంగతి చెబుతాను విను. 1854 జనవరి 1. నువ్వు కార్డు తీసుకున్నావే, సరిగ్గా అలాంటి కొత్త సంవత్సరపు తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కారు. లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. అప్పటికి వాళ్ళ నెల్లూరు మిషను ఏళ్ళ తరబడి పనిచేసినా విశ్వాసులు బహు కొద్దిమంది. ఇక మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు మాట్లాడుకుంటున్నారు. అలాంటి సమయంలో వాళ్ళు కొండ మీద మోకరించి, కింద కనబడే ఊళ్ళ కోసం ప్రార్థన చేశారు, ఒంగోలుకి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. కొండ దిగేసరికి ఏమైంది? ఏమీ కాలేదు. మర్నాడు? ఏమీ కాలేదు. మధ్యలో జూయెట్‌గారు అమెరికా వెళ్ళారు, మూసేద్దామన్న మాట మళ్ళీ వచ్చింది. ఆయన ఒప్పుకోలేదు, జాన్ క్లౌగారనే సేవకుణ్ణి వెంటబెట్టుకుని తిరిగొచ్చారు. క్లౌగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. కొండ మీది ప్రార్థనకీ ఆయన రాకకీ మధ్య 12 ఏళ్ళు. నీకు ఆరు నెలలకే అలక వచ్చింది.

అక్కడితో అయిపోలేదు. 1876లో వానలు పడలేదు. ధాత కరువు అంటారే, అదే. గింజ దొరక్క జనం దారుల వెంట పడిపోయారు. అప్పుడు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో 3.5 మైళ్ళ పని క్లౌగారు కంట్రాక్టుకి తీసుకున్నారు, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి దొరకాలని. తెలుగు బోధకులే అక్కడ పని చూసుకున్నారు. పని ఆగిన వేళల్లో ఆ మట్టిలోనే కూలివాళ్ళ పక్కన కూర్చుని, భారం మోసేవాళ్ళని తన దగ్గరకి రమ్మని పిలిచిన యేసు గురించి చెప్పేవాళ్ళు. విన్నవాళ్ళు మాకు బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. మంది మీద మంది అడిగారు. క్లౌగారు ఇవ్వనన్నారు. కరువు పోనివ్వండి, మా దగ్గర ఇచ్చేది ఏమీ లేకుండా పోనివ్వండి, అప్పుడు అడగండి అన్నారు. ఆలోచించు నాయనా. ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూసిన పంట చేతికొచ్చిన వేళ, ఇప్పుడే కోయనని ఆగడానికి ఎంత నిబ్బరం కావాలి!

ఏడాది పైనే ఆగారు. కాలువ పని అయిపోయింది, కూలి లేదు, సాయం లేదు. అప్పుడూ వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో నిలబడి ఇచ్చింది తెలుగు బోధకులే. ఆ అంకె చెప్పుకుని మనం మురిసిపోతుంటాం. నాకు మాత్రం ఆ అంకె కన్నా దాని ముందు గడిచిన ఖాళీ నెలలే పెద్దగా కనబడతాయి. బువ్వ కోసమే అయితే బువ్వ ఆగిన రోజే వెళ్ళిపోయేవాళ్ళు. చాలామంది మాదిగపల్లెల వాళ్ళు, పేదవాళ్ళు. ఊరి పండగలకి డప్పు కొట్టబోమన్నందుకు, ఆదివారం పనికి రామన్నందుకు అంతకుముందే విశ్వాసులైనవాళ్ళు పడిన ఇబ్బందులు వాళ్ళకి తెలుసు. తెలిసే దిగారు నీళ్ళలోకి. మనం వాళ్ళ పిల్లల పిల్లలం.

అందుకే నిన్ను ఒక్కమాట అడుగుతాను, నొచ్చుకోకు. ఉద్యోగం వస్తే మొదటి జీతం నీదే ప్రభువా అని మొక్కుకున్నావట. కృతజ్ఞతతో ఇవ్వడం మంచిదే, నేనూ సంతోషిస్తాను. కానీ ఉద్యోగం రాకపోతే ఆయనకి నీ దగ్గర ఏముంది? నువ్వున్నావు కదా! జీతం లేని నువ్వు ఆయనకి అక్కర్లేదని ఎలా అనుకున్నావు?

సరే, పెద్ద మాటలు చాలు. రోజు ఎలా గడుపుతున్నావో చెప్పు. పొద్దున లేవగానే ఫోను చేతికొస్తుంది, అవునా? వద్దు. ముందు ఒక కీర్తన చదువు. చిన్నదే చదువు. అర్థం కాకపోయినా, మనసు పెట్టలేకపోయినా చదువు. మనసు పెట్టగలిగిన రోజే చదువుతానంటే కష్టకాలంలో ఆ రోజు రాదు. మంచి రోజుల్లో పడిన అలవాటే చెడ్డ రోజుల్లో మనల్ని లేవదీస్తుంది. నీకు చెడ్డ రోజుల్లో మొదలుపెట్టాల్సి వచ్చింది, కాబట్టి కొంచెం బరువుగా ఉంటుంది. ఉండనీ. మానకు.

రాత్రి భోజనాల ముందు నలుగురూ కలిసి కుటుంబ ప్రార్థన చేసుకునేవాళ్ళు మీ ఇంట్లో. మీ నాన్న మంచాన పడ్డాక అది ఆగిపోయిందని విన్నాను. దాన్ని నువ్వు మొదలుపెట్టు. ఆయన మంచం పక్కనే కూర్చోండి. నీ చెల్లెలు చిన్నది, నిన్నే చూస్తుంది. అన్నయ్య సుఖం ఉన్నప్పుడు పాటలు పాడి, కష్టం రాగానే మానేశాడు అని ఆ పిల్ల మనసులో పడితే, రేపు దాని కష్టంలో అదీ అదే చేస్తుంది. నువ్వు ఒక్కడివే అలిగాననుకుంటున్నావు. ఇంట్లో ఒకళ్ళ అలక ఒకళ్ళతో ఆగదు నాయనా.

మీ నాన్న మందులు మాత్రం ఒక్కపూట కూడా ఆపొద్దు. విశ్వాసం ఉంటే మాత్రలు ఎందుకని ఎవరైనా అంటే, వాళ్ళకి టీ ఇచ్చి పంపించు, మాట మాత్రం వినకు. హిజ్కియా రాజు ప్రాణం మీదికి వచ్చినప్పుడు ప్రార్థన చేశాడు, దేవుడు విన్నాడు, ఆ పైన యెషయా ప్రవక్త పుండు మీద అంజూరపు ముద్ద వేయించాడు. ప్రార్థనా ఉంది, మందూ ఉంది. అలాగే కూడికలకీ కానుకలకీ అని కొత్తగా అప్పు చేయకు. ఉన్న అప్పు సంగతి ఇంట్లో దాచకు. వడ్డీ ఎంతో, ఎవరికి ఎంతో కాగితం మీద రాసి అమ్మ ముందు పెట్టు. మీ మామయ్యకి చెప్పు. సంఘంలో పెద్దలకీ చెప్పు, సిగ్గుపడకు. దేవుడు సాయం పంపితే ఎక్కువసార్లు మనుషుల చేతులతోనే పంపుతాడు. తలుపు వేసుకుని కూర్చుంటే ఆ చేతులు ఎక్కడ తట్టాలి?

పరీక్షకి మళ్ళీ కూర్చో. యోసేపు చెరసాలలో ఉండి కూడా అప్పగించిన పని చక్కగా చేశాడు. అక్కడే ఉన్న ఫరో పానదాయకుడు విడుదలై వెళ్ళేటప్పుడు నన్ను గుర్తుపెట్టుకో అని అతణ్ణి అడిగాడు, వాడు మర్చిపోయాడు, ఇంకో రెండేళ్ళు అక్కడే. ఆ రెండేళ్ళూ ఎలా గడిచాయో గ్రంథం చెప్పదు. అయినా ఫరో పిలిపించిన రోజున ఆయన మనసు చేదెక్కి లేదు, బుద్ధి మొద్దుబారి లేదు. రోజూ కాస్త చదువు. ఫలితం వచ్చేదాకా ఫలితం గురించి మాట్లాడకు.

ఇంకొకటి. నీ కష్టం ఏదో పాపానికి శిక్ష అని ఎవరైనా అన్నారా? అనే ఉంటారు. యోబు స్నేహితులు ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా నేల మీద ఆయన పక్కన కూర్చున్నారు, అంతవరకూ ఎంతో మంచివాళ్ళు. నోరు తెరిచాకే పాడుచేశారు. అలాంటి మాటలు మనసుకి ఎక్కించుకోకు. రేపు నువ్వు కష్టం దాటాక ఇంకొకరితో అలా అనకు కూడా.

రేపు కాదు, ఇప్పుడే ఒక పనుంది నీకు. మన గుడి వెనక వీధిలో ఆ మేస్త్రీ కాలు విరిగి మంచంలో ఉన్నాడు, తెలుసుగా. శనివారం సాయంత్రం వాళ్ళింట్లో ప్రార్థన కూడిక. నువ్వూ రా. పళ్ళూ రొట్టెలూ ఏమీ కొనకు, నీ దగ్గర డబ్బుల్లేవని నాకు తెలుసు. వాక్యం చెప్పమని నిన్నెవరూ అడగరు, ఊరికే కూర్చో. వాళ్ళబ్బాయి పదో తరగతి, లెక్కలు బొత్తిగా రావట, ట్యూషన్ మాన్పించేశారు. నీకు లెక్కలు బాగా వచ్చు. కూడిక అయ్యాక వాడి పుస్తకం తీసుకుని ఆ వరండాలో కూర్చోబెట్టు, ఎక్కడ ఆగిపోయాడో చూడు.