ఆ తల్లిని మనమేమి అడుగుచున్నాము?

(యోహాను సువార్త 9వ అధ్యాయము చదువుకొనుడి)



పుట్టు గ్రుడ్డివాడొకడు త్రోవలో కనబడగానే శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న మీకు జ్ఞాపకమున్నది గదా. వానికేమి సహాయము చేయుదమని వారు అడుగలేదు; పాపము వానిదా, వాని తలిదండ్రులదా అని అడిగిరి. ప్రభువు ఆ రెంటిని త్రోసివేసెను. అయినను ఆ ప్రశ్న మన ఊళ్లను విడువలేదు.

ఆటిజము గల బిడ్డను చూడుడి. పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడకపోవచ్చును. మాటలు ఆలస్యమగును, లేదా విన్న మాటనే మరల మరల పలుకును. బొమ్మబండిని నడుపక దాని చక్రమునే త్రిప్పుచు కూర్చుండును. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరువబడిన తరువాత పహాడీ షరీఫ్ చుట్టుపట్ల మనము విమానముల మ్రోతకు అలవాటు పడితిమి. అట్టి బిడ్డ ఆ మ్రోతకే చెవులు మూసికొని కేకలు వేయవచ్చును. అప్పుడు ఇరుగుపొరుగువారు గాలి సోకినదందురు, పెంపకము చాలదందురు. ఆ తల్లి కొండమీది దర్గాకు పోవును, గుడికి పోవును, మన ప్రార్థనకును వచ్చును. ఎక్కడికి పోయినను ఆమె కన్నీళ్లు ఒక్కటే గనుక ఎవరును ఆమెను ఎగతాళి చేయరాదు.

చదువుకొన్నవారు మేలుగా తలంచిరా? 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది బిడ్డలనుగూర్చి వ్రాసి ఈ స్థితిని లోకమునకు తెలిపెను. తరువాత అనేక సంవత్సరములు, తల్లి ప్రేమ చల్లారుటవలన బిడ్డ ఇట్లగునని పండితులే చెప్పిరి. మనవారు గాలిని నిందింపగా వారు తల్లిని నిందించిరి. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను ఆయన, తానే అట్టి బిడ్డకు తండ్రియైయుండి, ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినదని గ్రంథము వ్రాసెను. 1977లో బ్రిటనులో కవలలను పరీక్షింపగా పుట్టుకతో వచ్చు గుణముల పాత్ర తేటపడెను. కారణము ఒక్కటి కాదు. అనేక జన్యువులు, తలిదండ్రుల పెద్ద వయస్సు, నెలలు నిండని కాన్పు మొదలగునవి అవకాశమును పెంచునని నేడు తెలియును.

టీకాలవలన వచ్చునను మాటయు నిజము కాదు. 1998లో 12 మంది బిడ్డలను చూపి ఆ అనుమానము పుట్టించిన వ్యాసమును ప్రచురించిన పత్రికయే 2010లో ఉపసంహరించుకొనెను. 2019లో డెన్మార్కులో 6,50,000కు పైగా బిడ్డలను పరిశీలించినవారు అట్టి సంబంధము లేదని తెలిపిరి. ఆ భయముతో తట్టు టీకా మానిపించినయెడల బిడ్డ ప్రాణమునకే అపాయము.

ఇది అరుదైనదియు కాదు. 2021 లెక్క ప్రకారము లోకములో సుమారు 127 మందిలో ఒకరు ఇట్టివారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా 500 మంది బిడ్డలున్న ఊరిలో నలుగురుందురు. వారిలో కొందరు మిక్కిలి తెలివిగలవారు, కొందరికి జీవితమంతయు తోడు కావలెను. ఇది అంటువ్యాధి కాదు. మందుతో పోవునది కాదు. చిన్ననాడే మొదలుపెట్టిన శిక్షణ మేలు చేయును. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ యున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజము చేర్చబడియున్నది.

అయితే కారణము వెదకుట తప్పా అని కొందరు అడుగవచ్చును. తప్పు కాదు. కారణము వేరు, నేరము వేరు. వైద్యుడు కారణమును వెదకునది బిడ్డకు సహాయము చేయుటకు. మనము నేరమును వెదకునది మన భారము తప్పించుకొనుటకు. నేరము తల్లిదని తేల్చినయెడల ఇక మనము చేయవలసినదేమియు లేదు గదా! దయ్యమని చెప్పి బిడ్డను కొట్టుట, కట్టివేయుట ఈ తీర్పునుండియే పుట్టుచున్నవి.

ప్రార్థన మానుడని మేము చెప్పుట లేదు. బిడ్డ మారవలెనని మోకరించి, మనము మాత్రము మారనొల్లకుందుమా? ఆరాధనలో లౌడుస్పీకరు, డప్పు మ్రోత కొంత తగ్గింపవచ్చును. బిడ్డ లేచి తిరిగినను వెనుదిరిగి చూడకుండవచ్చును. ద్వారమునొద్ద ఒక చాప ఆ తల్లికొరకు ఉంచవచ్చును. సంఘపెద్దలారా, బిడ్డ అల్లరికి సిగ్గుపడి గుడికి రావడము మానిన తల్లులు మీ పేటలో ఎవరైన ఉన్నారేమో ఈ నెలలో విచారించుడి. వారి యింటికి వెళ్లినప్పుడు, ఎందుకిట్లాయెనని అడుగక, మేమేమి చేయవలెనమ్మా అని అడుగుడి.