రోగిని చూసుకున్నది ఎవరు?

శివ్వంపేటలో ఉండే మా పెద్దమ్మ తుంటి ఎముక విరిగి, పట్నంలో ఒక ఆసుపత్రిలో పది రోజులు ఉండి వచ్చింది. చూడవచ్చిన వాళ్లందరూ "వైద్యం ఎట్లున్నది?" అని అడిగారు. ఆపరేషన్ గురించి ఆమె ఏం చెబుతుంది? మత్తులో ఉంది. ఇద్దరు నర్సుల సంగతే చెప్పింది.

ఒకామెది నవ్వు ముఖం. "అమ్మమ్మా, తిన్నావా?" అని పలకరించేది. సెలైన్ ఎక్కుతున్న చేయి వాచిందని చెబితే మాత్రం "ఏం కాదులే" అని వెళ్లిపోయింది. రెండవామె ముక్తసరిగా మాట్లాడేది. నడవనని మొండికేస్తే గద్దించి లేపింది. ఆ రాత్రి రెండు గంటలకు వాచిన చేతిని తనే చూసి, సూది తీసి, రెండో చేతికి పెట్టి, చుక్కలు సరిగా పడేదాకా మంచం పక్కనే నిలబడింది. "నన్ను చూసుకున్నది ఆ పిల్లనే" అంటుంది పెద్దమ్మ.

ప్రియ పాఠకులారా, రోగి తృప్తి అంటే ఏమిటి? ఇంటికి పంపే రోజు ఆసుపత్రివారు ఒక కాగితం ఇచ్చి, సిబ్బంది ప్రవర్తన ఎలా ఉందో రాయమంటారు. మనం నవ్వుకు మార్కులు వేస్తాం. 1980లలో అమెరికాలో ప్యాట్రీషియా లార్సన్ అనే నర్సింగ్ పరిశోధకురాలు, శ్రద్ధ అంటే ఏమిటని నర్సులను, క్యాన్సర్ రోగులను వేర్వేరుగా అడిగారు. నర్సులు రోగి మాట వినడాన్ని, తాకి ఓదార్చడాన్ని ముందు పెట్టారు. రోగులేమో సూది, సెలైన్ సరిగా పెట్టడం, డాక్టరును ఎప్పుడు పిలవాలో తెలియడం ముఖ్యమన్నారు. మంచి మాట వద్దని కాదు. ప్రాణం ఒకరి చేతిలో ఉన్నప్పుడు, ఆ చేతికి పని తెలుసన్న నమ్మకమే మొదటి ఓదార్పు.

లూకా సువార్త 10వ అధ్యాయంలో మంచి సమరీయుని కథ మరోసారి చదవండి. గాయపడినవానితో అతడు ఏం మాట్లాడాడో అక్కడ లేదు. నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, సత్రానికి చేర్చి దగ్గరుండి చూసుకున్నాడు. మాట్లాడింది సత్రం యజమానితోనే. 1920లో ఆస్ట్రేలియా నుండి గుంటూరుకు వచ్చి మఠకన్య అయిన డాక్టర్ మేరీ గ్లౌరీ గారు కూడా ఇక్కడి స్త్రీలకు నర్సు పని, మంత్రసాని పని నేర్పించారు. జాలి ఒక్కటే సరిపోతే ఆ శ్రమ దేనికి?

అయితే గద్దింపును సమర్థిస్తున్నానా? లేదు. ఆ మాటలకు పెద్దమ్మ కంటనీరు పెట్టుకుంది. కాని రాత్రంతా వార్డు మొత్తం ఒక్కరి మీదే పడితే ముందుగా పోయేది నవ్వే. దాన్ని ఆ పిల్ల తప్పుగా రాయడం న్యాయమా? "సిస్టర్!" అని కేకవేసే మనం, ఆమె తిన్నదో లేదో ఎన్నడైనా అడిగామా?

ఇంటికి వచ్చే రోజు మేము మిఠాయి డబ్బా ఇచ్చింది నవ్వే అమ్మాయికే. కాగితంలో రాసింది కూడా ఆమె పేరే. రాత్రి డ్యూటీ ఆమె పేరు అడగాలని పెద్దమ్మతో సహా ఎవరికీ తోచలేదు.