పన్నెండు మెట్ల మీద పాట



మెలొడీ అని రోజూ అంటుంటాం. గ్రీకులో ‘మెలోస్’ అంటే పాట, ‘ఓడె’ అన్నా గానమే. ఆ రెండూ కలిసి లాటిన్, ఫ్రెంచ్ భాషల మీదుగా ఇంగ్లీషుకు చేరిన మాట ఇది. స్వరాలు ఒకదాని వెంట ఒకటి నడిచి మనసులో నిలిచిపోయే వరస అన్నమాట. ఆ నడకను కళ్లారా చూడాలంటే మన కిన్నెరను చూడాలి.

పొడవాటి వెదురు బొంగు. దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు. బొంగు మీద తేనెమైనంతో నిలబెట్టిన మెట్లు. కళాకారుడు ఒక చేత్తో తీగ మీటుతూ, ఇంకో చేతి వేళ్లను మెట్టు మీంచి మెట్టుకు జరుపుతుంటే స్వరం ఎక్కుతుంది, దిగుతుంది. కొనన కట్టిన పిట్ట బొమ్మ కూడా పాటతో పాటు ఊగుతుంది. గొంతు ఎటు పోతే కిన్నెర అటే పోతుంది. జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాలమూరు పల్లెల్లో నోటి నుంచి నోటికి దాటి మనదాకా వచ్చిందంటే అందులో ఆ వరస బలం ఎంతో ఉంది.

నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మనందరికీ గర్వకారణం. అయితే ఒక్కరికి గౌరవం దక్కినంత మాత్రాన వాద్యం బతకదు, నేర్చుకునే పిల్లలుండాలి. ఈసారి మీ ఊరి జాతరకు డీజే మాట్లాడుకునే ముందు ఒక కిన్నెర కళాకారుణ్ని పిలవండి. తగిన సంభావన ఇవ్వండి. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి.